బండి బొమ్మ

జూన్ 2, సోమవారం

క్షమించాలి డైరీగారూ. మోకరిల్లి, తల వంచి, కన్నీరు తుడుచుకోవడానికి ఆఫీసు టిష్యూ ఒకటి దగ్గర పెట్టుకుని మరీ అడుగుతున్నాను. ఇక్కడ రాయబోయే సమస్త ఘోరాలకూ నేనే బాధ్యుణ్ణి. చక్రాన్ని కనిపెట్టింది నేనే. కనిపెట్టిన చక్రాలన్నిటినీ తెచ్చి బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర వరసగా నిలబెట్టిందీ నేనే. మొనాకో రేసు ట్రాకులో ఆ హెయిర్‌పిన్ మలుపు అంత ఇరుగ్గా ఉండడానికి నా సలహాయే కారణం. పెట్రోలు ధర, వైట్‌ఫీల్డ్ గుంతలు, వాన పడగానే ఆరిపోయే సిగ్నలు దీపాలు, అన్నీ నా పాపాలే. ఇన్ని ఒప్పుకున్నాను కాబట్టి పోస్టరు గొడవ ఒక్కటి నా నెత్తిన పెట్టవద్దు. అది తెలుగు భాష చేసిన పని.

రేపు బాస్ విచారణ సంఘం వేస్తే పనికొస్తుంది, వరసగా రాసిపెట్టుకుంటాను.

మా కంపెనీ పేరు 'గేరు మార్చు'. కార్ల వింతలూ రేసు వార్తలూ తెలుగులో చెప్పే యూట్యూబ్ చానలు. బేకరీ పైన రెండు గదులు. మా స్క్రిప్టులన్నీ బన్ను వాసన వేస్తాయి. నాలుగేళ్ళు మెకానికల్ ఇంజినీరింగ్ చదివి నేను రోజూ చేసే ఘనకార్యం ఏమిటంటే, "క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టిన ఇంజినీరుకి కళ్ళు కనపడవని మీకు తెలుసా?" అని కెమెరా ముందు కనుబొమలెగరేయడం. "తెలుసు" అని జనం కింద కామెంటు పెట్టడం.

బాస్ అమరనాథ్ గారికి ఎంగేజ్‌మెంట్ పడిపోతోందని నెల రోజులుగా బెంగ. పెళ్ళై ఇద్దరు పిల్లలున్న మనిషికి ఇప్పుడు ఎంగేజ్‌మెంట్ దేనికని అమ్మ అడిగింది. చూసేవాళ్ళు తగ్గిపోతున్నారని ఆయన బాధ. అందుకని క్విజ్ పెట్టారు. ప్రశ్నలు నావి. పోస్టరు నాది. వాయిస్ నోట్ ఆయనది: "సాల్మన్ బాబూ, ఫస్ట్ ప్రైజ్ దగ్గర బండి బొమ్మ పెట్టు."

పెట్టాను. 'మొదటి బహుమతి: బండి' అని రాసి, పక్కన నిగనిగలాడే ఎర్రకారు బొమ్మ పెట్టాను.

ఇవాళ విజేత పేరు లైవ్‌లో చదివి, ఈల కూడా వేసి, కిందికి దిగాక తెలిసింది. ప్రైజు 'బండి బొమ్మ' అట. గాజుపెట్టెలో అరచేతిలో ఇమిడే రేసుకారు. స్పాన్సరు బొమ్మల దుకాణం. బొమ్మ అంటే ఫొటో అనుకున్నాను నేను. బొమ్మ అంటే ఆడుకునేది అనుకున్నారు ఆయన. ఇద్దరిలో ఒక్కడు తమిళుడైనా ఈ గొడవ లేదు. ఇద్దరం తెలుగువాళ్ళమే. అదే కొంప ముంచింది.

గెలిచిన అమ్మాయి పేరు సౌమ్య. నగర్తపేట. బీకాం పూర్తయింది. అన్ని ప్రశ్నలూ రైటు.


జూన్ 3, మంగళవారం

పొద్దున్నించి ఫోన్లు. ఓడిపోయినవాళ్ళు కూడా మైలేజీ ఎంతని అడుగుతున్నారు.


జూన్ 4, బుధవారం

వచ్చారు. సౌమ్యా, వాళ్ళ నాన్న మంజునాథ్ గారూ. ఆయనకి నగర్తపేటలో స్విచ్చులు, వైర్లు అమ్మే హోల్‌సేల్ అంగడి. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. ఆయన చేతిలో కవరు. కవర్లో బండికి వెయ్యడానికి మల్లెహారం.

"ఏమప్పా, బండి యాడుండాది? కింద పార్కింగంతా చూసి వచ్చినాము. ఏదో ఒక పాత మారుతి ఎయిట్ హండ్రెడ్ ఉండాది, అంతే."

ఆ పాత ఎయిట్ హండ్రెడ్ నాది. మనసులో నోట్ చేసుకున్నాను.

బాస్ గాజుపెట్టెని, బిల్లు పళ్ళెం జరిపినట్టు, మెల్లగా టేబిలు మీద ముందుకు తోశారు.

"ఇదేమప్పా?"

"బండి బొమ్మ సార్."

"బొమ్మ అని యాడ రాసిండారు? బండి అని రాసిండారు. బొమ్మ పక్కన ఉండాది."

"అదే సార్. ఆ పక్కనున్న బొమ్మ ఈ బొమ్మదే."

"అంటే బొమ్మకి బొమ్మ తీసి బండి అంటిరా?"

ఇంత స్పష్టంగా మా కంపెనీలో ఎవరూ చెప్పలేకపోయారు. నేను చప్పట్లు కొట్టబోయి, బాస్ మొహం చూసి చేతులు జేబులో పెట్టుకున్నాను.

మంజునాథ్ గారు మల్లెహారాన్ని గాజుపెట్టె మీద వేశారు. పెట్టె కనబడకుండా పోయింది. అప్పుడు మొదలుపెట్టారు నవ్వడం. కుర్చీ పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వారు. అది మోసపోయినవాడి నవ్వు కాదు. గండం తప్పినవాడి నవ్వు.

సౌమ్య నవ్వలేదు. "నాయనా, చాలు" అంది. ఏడుస్తుందేమోనని నేను టిష్యూ వెతికాను. ఆ పిల్ల హారం పక్కకి జరిపి, పెట్టెలోకి తొంగి చూసి, "అన్నా, దీని వెనక రెక్క తిరగేసి అంటించిండారు" అంది.

తర్వాత విషయం తెలిసింది. పదిహేనో తేదీ ఆదివారం బొమ్మసంద్ర దాటాక ఒక మైదానంలో ఆటోక్రాస్ ఉంది. మట్టి ట్రాకు, ఒక్కొక్కరే నడపాలి, టైము చూస్తారు. ఎంట్రీకి వచ్చే మంగళవారం ఆఖరు. నాన్న తన వ్యాను ఇవ్వనన్నాడు. ఒకరి బండి అడుక్కుని వెళ్ళడానికి వీల్లేదన్నాడు. 'సొంత బండి ఉంటే పో' అని చుట్టాలందరి ముందూ అన్నాడు, సొంత బండి ఎక్కణ్ణించి వస్తుందిలే అన్న ధీమాతో. అప్పుడు ఈ పిల్ల మా క్విజ్ చూసింది.

"అన్నాను. ఇప్పుడూ అంటాండా" అన్నారు మంజునాథ్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "అంగట్లో ఇచ్చిన మాట ఎట్లనో, ఇంట్లో అట్లే. సొంత బండి తెచ్చుకో, పో. ఇంతకీ ఆటోల పోటీకి ఆడపిల్ల ఎందుకప్పా?"

"ఆటోలు కాదు నాయనా! ఆటోక్రాస్!"

"అదే, ఆటోలు క్రాస్ చేసేది. మా పేటలో దినమ్మూ చేస్తాండాము, కప్పు ఎవడూ ఇవ్వలే."

"జులై నుంచి నన్ను అంగట్లో కూర్చోబెడతాడు అన్నా" అంది సౌమ్య నాతో. "ఇదొక్కసారే."

బాస్ ఆ గాజుపెట్టె పట్టుకుని నవ్వుతూ ఒక చిన్న వీడియో ఇవ్వమని అడిగారు. ఆ పిల్ల ఆయన్ని చూసిన చూపుకి మా గదిలో ఏసీ అక్కర్లేకపోయింది.


జూన్ 5, గురువారం

విచారణ సంఘం వేశారు. సభ్యుడు ఒక్కరే, బాస్. ముద్దాయి ఒక్కడే.

"కామన్ సెన్స్ ఉండాలి కదా సాల్మన్. మన బడ్జెట్‌కి కారు ఇస్తామా?"

"నాకు జీతమే ఆలస్యంగా ఇస్తారు కాబట్టి, ఆ డబ్బుతో కారు కొన్నారనుకున్నాను సార్."

క్షమాపణ వీడియోకి స్క్రిప్టు నన్నే రాయమన్నారు. నేరం చేయనివాడి చేత క్షమాపణ రాయించడం అన్యాయం. అయినా రాశాను. చాలా గొప్పగా వచ్చింది. 'భాషామతల్లి సాక్షిగా' అని మొదలుపెట్టాను. బాస్ కొట్టేశారు.

కామెంట్లు ఇంకోపక్క. ఒకడు ఇడ్లీ బండి అయినా ఇవ్వండి అంటాడు. ఒకడు రైలుబండి కూడా బండే, టికెట్ కొనివ్వండి అంటాడు. నెలంతా ఏడిపించిన ఎంగేజ్‌మెంటు ఇవాళ ఆకాశాన్నంటింది. బాస్ ఒక కంట ఏడుస్తూ ఒక కంట గ్రాఫు చూస్తున్నారు.


జూన్ 6, శుక్రవారం

సౌమ్య ఫోన్ చేసింది.

"అన్నా, కింద పార్కింగులో ఉండే ఎయిట్ హండ్రెడ్ మీదేనంట?"

"ఎవరన్నారు?"

"కింద బేకరీ ఆయన. దినమ్మూ గుడ్డ పెట్టి తుడుస్తారంట, తోలేది మాత్రం జాస్తి లేదంట."

బేకరీ వాళ్ళని నమ్మి బన్ను కొనడం నా తప్పు. (చూశారా, ఇంకో తప్పు ఒప్పుకున్నాను.)

"ఒక్క దినం ఇస్తారా అన్నా? ఆదివారం ఒక్కటే. నాయన కాళ్ళో చేతులో పట్టుకుని ఒప్పిస్తా."

నేను చాలా మర్యాదగా, ఒక పెద్దమనిషిలాగా, నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

ఆ కారు గురించి ఇక్కడ రాయవలసిన పని లేదు. నాకు తెలుసు. తెల్లది. మొదటి ఉద్యోగం డబ్బుతో థర్డ్‌హ్యాండులో కొన్నది. అమ్మ దాని బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. దానికి ఇంతవరకూ గీత పడలేదు. అసలు రోడ్డు మీద ఉంటే కదా పడేది. దాన్ని నేను కాపాడుతున్నాను. అందరూ నడిపేస్తే కాపాడేవాడెవడు?


జూన్ 7, శనివారం

ఇవ్వను.


జూన్ 8, ఆదివారం

చర్చి నుంచి వస్తూ అమ్మకి జరిగిందంతా చెప్పాను, కారు ఇవ్వకపోవడంలో నా తప్పేమీ లేదని తేల్చుకోవడానికి. అమ్మ పేరు లీలావతి. ముప్పై ఏళ్ళు నర్సుగా పని చేసి, ఇంజెక్షను గుచ్చినట్టు మాట్లాడ్డం నేర్చుకుంది.

"ఒరే, నువ్వు రాత్రీ పగలూ రేసుల గురించి మాట్లాడతావు గదా?"

"అది ఉద్యోగమమ్మా."

"ఏనాడన్నా ఆ కారుని మూడో గేరు దాటించావంట్రా? నిన్ను ఆ పక్కింటి ముసలాయన సైకిలు మీద ఓవర్‌టేక్ చేశాడు."

"ఆయన వచ్చింది వాలు మీద."

"ఆ పిల్లని ఒకసారి తోలనియ్యి. చేతకాకపోతే చేతకాదని తెలుస్తుంది. నీ బెంగా తీరుద్ది."

మంచి ఆలోచన. సౌమ్యకి కారు నడపడం రాదని రుజువు చేస్తే ధర్మసంకటమే ఉండదు. మధ్యాహ్నం సౌమ్యా నేనూ ప్లాట్లు వేసి ఇళ్ళు కట్టని ఒక లేఅవుట్‌కి వెళ్ళాం. ఖాళీ మట్టి రోడ్లు, చివర్న ఒక నీళ్ళ ట్యాంకు.

ఆ పిల్ల సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. "అన్నా, బెల్టు" అంది. ఆ తర్వాత నేను కీర్తనల గ్రంథంలో నాకు వచ్చిన భాగమంతా చెప్పాను, రానిది కూడా చెప్పాను. మూడో గేరు వచ్చింది. నాలుగోది కూడా ఉంది ఈ కారుకి. మలుపు దగ్గర బ్రేకు కొట్టకుండా చేతి బ్రేకు లాగింది. వెనక చక్రాలు వాటంతటవే ఇటు తిరిగాయి, నీళ్ళ ట్యాంకు ముందు అద్దంలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నడుచుకుంటూ వెళ్ళింది. ఆ పిల్ల గేరు మార్చేటప్పుడు చెయ్యి వైపు చూడదు. ఇంజను వైపు తల కొంచెం వంచి వింటుంది, పక్కగదిలో ఎవరో పిలుస్తున్నట్టు.

దిగాక కాసేపు కారుకి ఆనుకుని నిలబడ్డాను. ఎండ.

"ఎట్లుండాది అన్నా?"

"పర్వాలేదు" అన్నాను. "క్లచ్ జాగ్రత్త."

ఇంజను చేసిన ఆ శబ్దం ఈ కారుకి వచ్చని నాకు తెలియదు. ఇన్నేళ్ళు పెట్టుకుని కూడా. అది ఒక సాంకేతిక పరిశీలన మాత్రమే.


జూన్ 9, సోమవారం

మెట్రోలో ఆఫీసుకి వెళ్ళాను. కారుకి మట్టి అలాగే ఉంది. తుడవలేదు. బద్ధకం.


జూన్ 10, మంగళవారం

ఎంట్రీకి ఆఖరి రోజు. కారు ఒక్కరోజుకి ఇస్తానని ఉదయమే సౌమ్యకి మెసేజ్ పెట్టాను. మానవత్వం, చానలుకి మంచిపేరు, వగైరా. నాన్నకి అబద్ధం చెప్పనంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఈ ఒక్కసారికి అడుక్కున్న బండితో పోనివ్వమని బతిమాలుకుంటానంది. ఒప్పుకుంటారా అంటే, "నూటికి పది" అంది.

కారు ఆఫీసుకి తెచ్చాను. మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళిద్దరూ కింద పార్కింగుకి వచ్చారు. మంజునాథ్ గారు కారు చుట్టూ తిరిగారు. టైరు కాలితో తన్ని చూశారు. తలుపు తెరిచి మూసి, చెవి పెట్టి విన్నారు, కొబ్బరికాయ కొనేవాడిలాగా.

"బిగువు బాగుండాది" అన్నారు.

తర్వాత ఒక ప్రశ్న అడిగారు. దానికి జవాబు చెప్పబడింది. ఆయన ఇంకోసారి కారు చుట్టూ తిరిగి వచ్చారు. "సరి. మాట మాటే" అని, కూతురి తల మీద ఒక మొట్టికాయ వేసి, "ఎంట్రీ కట్టు, ఫో" అన్నారు.

అంతే. ఇందులో రాయడానికేమీ లేదు. ఈ బాస్ ఇలాంటి పోటీలు పెట్టకుండా ఉంటే నా మంగళవారం ప్రశాంతంగా ఉండేది.


జూన్ 13, శుక్రవారం

"సాల్మన్, ఆదివారం లే మాన్స్. ఇరవైనాలుగు గంటల రేసు. అప్‌డేట్స్ ఎవడిస్తాడు?"

"సార్, ఆదివారం నాకు ఒక రెండు నిమిషాల రేసు ఉంది."

ఆయన అన్న మాటలు డైరీగారి మర్యాద కోసం వదిలేస్తున్నాను. బదులుగా ఒక వింత రాశాను. పూర్వం లే మాన్స్ రేసు మొదలయ్యేటప్పుడు డ్రైవర్లు రోడ్డుకి అటుపక్కనుంచి పరుగెత్తుకొచ్చి కార్లెక్కేవారు. ఆ పద్ధతిని వాళ్ళు ఎప్పుడో మానేశారు. మన ఊళ్ళో బీఎంటీసీ సిటీబస్సుకి ఇంకా నడుస్తోంది.


జూన్ 15, ఆదివారం

నిన్న వాన పడింది. మైదానం కుంకుడురసంలా ఉంది. రంగుడ్రమ్ములు పెట్టి మలుపులు గీశారు. డ్రమ్ముకి తగిలితే టైము కలుపుతారు. అమ్మ పులిహోర తెచ్చింది. మంజునాథ్ గారు గొడుగు తెచ్చారు, అందరికీ దూరంగా నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు ఫోన్లో స్విచ్చుల రేట్లు మాట్లాడుతున్నారు.

మా ముందు వెళ్ళిన కార్లు మంచివి. వెడల్పు టైర్లు, స్టిక్కర్లు, ఒకదానికి సైలెన్సరే లేదు. మధ్యలో నా తెల్లకారు బడి ఫొటోలో చిన్నపిల్లవాడిలా ఉంది. హెల్మెట్ పెట్టుకున్నాక సౌమ్య మొహం కనబడలేదు. కళ్ళు మాత్రం కనబడ్డాయి. భయపడుతోంది. మొదటిసారి చూశాను ఆ పిల్ల భయపడడం.

జెండా ఊపారు.

మొదటి మలుపులో అంతా సక్రమం. రెండో మలుపులో బురద చిమ్మి కారు కనబడలేదు, శబ్దం మాత్రం వినబడింది. ఆ శబ్దం నాకు తెలుసు. అప్పటికి మంజునాథ్ గారి ఫోను ఆగిపోయింది. మూడో మలుపుకి గొడుగు పక్కకి పడిపోయింది.

"తిప్పు! తిప్పే! వదలొద్దు! అట్లే, అట్లే!"

ఆయన గొంతు స్పీకరులో అనౌన్స్ చేసేవాడి గొంతుని మింగేసింది. ఆఖరి మలుపులో వెనక భాగం కొంచెం ఎక్కువ తిరిగి నీలం డ్రమ్ముని ఒరుసుకుంది. డ్రమ్ము ఊగింది, ఊగింది, పడింది. ఒరుసుకున్న చోట నా కారుకి మొట్టమొదటి గీత పడింది, ముందు తలుపు నుంచి వెనక దీపం దాకా.

నాలుగో స్థానం. కప్పు మూడో స్థానం దాకే.

నేను సౌమ్యని ఓదార్చడానికి మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆ పిల్ల హెల్మెట్ తీసి, చెవుల దాకా నవ్వుతోంది. "అన్నా, రెండో మలుపు చూసిరా? రెండో మలుపు చూసిరా?" అని అదే ప్రశ్న అమ్మని అడిగింది, నన్ను అడిగింది, పులిహోర డబ్బాని కూడా అడిగింది. ఆవల మంజునాథ్ గారు టైము రాసేవాళ్ళతో గలాటా మొదలుపెట్టారు. ఆ డ్రమ్ము ముందే వంగి ఉండాదని, ఇట్లాంటి డ్రమ్ము తన అంగట్లో అయితే వాపసు పంపుతానని. నలుగురు పట్టుకుని తీసుకొచ్చారు.

వస్తూ వస్తూ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే తూరి టైర్లు మార్చల్లప్పా" అన్నారు.

వచ్చే తూరి.


జూన్ 16, సోమవారం

కారు నగర్తపేటలో ఉంది. మంజునాథ్ గారు అంగడి ముందు నిలిపి, వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ గీత చూపిస్తున్నారట. గీతకి రంగు వేయించవద్దని చెప్పారట.

ఉదయం సౌమ్య ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "అన్నా, నేను నాయనకి నిజం చెప్పేస్తా. తిడితే తిట్టనీ. మీరు వచ్చి బండి తీసుకపోండి." నెట్‌వర్క్ బాగానే ఉంది. సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

ఆఫీసుకి వెళ్తే బాస్ ఆనందంగా ఉన్నారు. 'గేరు మార్చు విజేత రేసులో!' అని వీడియో పెట్టారు. ప్రైజుగా కారు ఇచ్చిన ఏకైక తెలుగు చానలు అని ఎవరో కామెంటు పెడితే, దానికి గుండె గుర్తు కొట్టారు. ఆయనకి సిగ్గు లేదు. లే మాన్స్ అప్‌డేట్లు ఇవ్వనందుకు ఒకరోజు జీతం కోసి, ఆ నోటితోనే కంగ్రాట్స్ అన్నారు.

అమ్మ సాయంత్రం కిటికీలోంచి ఖాళీ పార్కింగు చూసి, "ఎప్పుడు తెస్తావురా?" అంది. పని ఉందని చెప్పి ఈ గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

నిజానికి దీనికంతటికీ కారణం బాస్ వాయిస్ నోట్. కాదంటే మంజునాథ్ గారి పంతం. కాదంటే బేకరీవాడి నోరు. బొమ్మకి రెండు అర్థాలు పెట్టిన పూర్వీకులు. అమ్మ. వాన.

సరే. ఇది ఎవరూ చదవరు కదా.

మంగళవారం పార్కింగులో మంజునాథ్ గారు అడిగిన ప్రశ్న ఇది: "ఒక దినానికి ఇస్తాండారా, లేక బొమ్మకి బదులు నా కూతురు గెల్చిన బండేనా?" సౌమ్య నిజం చెప్పడానికి నోరు తెరిచింది. "ఒక్క..." అని కూడా అంది. బాస్ అక్కడ లేరు, మేడ మీద టీ తాగుతున్నారు. అమ్మ ఇంట్లో ఉంది. వాన కూడా లేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ప్రశ్న ఆ పిల్లకి వేసింది. నేనే మధ్యలో దూరి, "గెలిచిన బండే సార్, ఆమెదే, ఎప్పటికీ" అన్నాను. ఎప్పటికీ అన్న మాట ఎవరూ చెప్పమనలేదు. అది కూడా నేనే కలిపాను.